విజిటర్లు లేని ఉద్యోగం

ఈ దేశంలో సుఖపడుతున్నవాళ్లెవరని అడిగితే మంత్రులంటారు, రైసుమిల్లుల యజమానులంటారు. శుద్ధ తప్పు! అందరికన్నా సుఖపడుతున్నవాడు యూనివర్సిటీ హాస్టల్లో రెసిడెంట్ కేర్‌టేకరు. అంటే పిల్లలతోపాటు రాత్రింబవళ్లు హాస్టల్లోనే ఉండి వాళ్ల మంచిచెడ్డలు చూసే మనిషి. అంటే నేను.

నేను చదివింది మూడో తరగతి. మాటలు కూడా తక్కువే. ఈ రెండూ చూసే నెల్లూరులో నాకీ ఉద్యోగం ఇచ్చినట్టున్నారు. చదువుకున్నవాడైతే రూల్సు చదివేవాడు. మాటకారి అయితే వాటి గురించి అడిగేవాడు.

అయ్యా, ఇంటికి పోవడమనేది ఎంత బాధో ఎప్పుడైనా ఆలోచించారా? ఆఫీసు వదలగానే ఎదురుగాలిలో సైకిలు తొక్కాలి. గుమ్మం ఎక్కీ ఎక్కకముందే చింతపండు మర్చిపోయావని గొడవ. నాకా పీడ లేదు! మంచం మీదనుంచి కాళ్లు దించితే ఆఫీసు. పైకి పెడితే ఇల్లు. పెట్టనిచ్చిననాడు సుమండీ.

నా గది తలుపుకు గడియ ఉండేది. తీసేదాకా నిలబడే ఓపిక లేక పిల్లలే ఊడబీకారు. ఎంత మేలు చేశారో! ఒకడు బల్బు మాడిందని వస్తాడు. ఒకడు దుప్పటి మీద సిరా ఒలికిందని వస్తాడు. ఇంకొకడు మీసం రెండువైపులా సమంగా ఉందో లేదో చూసి చెప్పమంటాడు. మీ ఇంటికి ఇంతమంది వస్తారా? గడియ పెట్టుకుని కూర్చుంటే ఎవరొస్తారు!

తిండిగింజలు తక్కువైనాయి, సోమవారం రాత్రి భోజనం మానమని మొన్న ప్రధానమంత్రిగారు దేశమంతటికీ చెప్పారు, గుర్తుందా? మా పిల్లలంతా చేతులెత్తి ఒట్టు పెట్టారు. మెస్సులో పొయ్యి వెలిగించలేదు. వార్డెను పద్మనాభయ్యగారికి కళ్ల నీళ్లొచ్చాయి. కళ్లు తుడుచుకుని ఆయన ఇంటికి వెళ్లారో లేదో, దేశభక్తులందరూ నా గదిలోకి వచ్చారు. నేను దాచుకున్న అటుకుల డబ్బా బోర్లించి కొట్టారు. దేశభక్తికి అంత ఆకలి ఉంటుందని అప్పుడే తెలిసింది.

వార్డెనుగారిని చూస్తే నాకు జాలి. పాపం, ఆయనకు మూలాపేటలో సొంత ఇల్లుంది. రోజూ సాయంత్రం ఐదయ్యేసరికి దానికి పోక తప్పదు. ఆదివారం నాడు మరీ ఘోరం, రోజంతా ఆ ఇంట్లోనే ఉండాలి!

ఆదివారమంటే గుర్తొచ్చింది. మగపిల్లల హాస్టల్లో ఆడవాళ్లు ఉండకూడదు గనుక మా ఆవిడ వెంకటశేషమ్మ మా ఊరు కోటలోనే గేదెలను చూసుకుంటూ ఉంటుంది. నాకా సెలవు లేదు. లోపలే ఉండేవాడికి సెలవెందుకని పెద్దల ఆలోచన. అందుకని ఒక ఆదివారం తనే చేపల పులుసు గిన్నె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి వచ్చింది. గేటు దగ్గర నాగుల్ మీరా ఆపాడు. వాచ్‌మన్‌గా కొత్తగా చేరాడు.

"ఏ స్టూడెంటు కోసం వచ్చినావమ్మా?"

"మా ఆయన కోసం నాయనా."

"ఏం చదువుతుండాడు?"

"మూడో తరగతి. ఆడితో ఆపేసినాడు."

మీరా తల గోక్కున్నాడు. "ఈడ బీయే కాడ్నించి గదమ్మా ఉండేది!"

తర్వాత తెలిసిన సంగతేమంటే, విజిటర్లు వచ్చేది స్టూడెంట్ల కోసం మాత్రమే. కేర్‌టేకరుకు విజిటర్లుంటారని ఆ రూలు రాసినవాళ్లకు తోచలేదు. ఆవిడ గేటు బయట, నేను లోపల. ఇద్దరి మధ్యా పులుసు వాసన. ఆ వాసన పట్టుకుని వచ్చినవాడు హెబ్రోను. సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె కుర్రాడు. చేపల విషయంలో వాడి ముక్కుకు తిరుగులేదు.

"మా పెద్దమ్మ మీరాభాయ్! లోపలికి రానీ," అన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెంకటశేషమ్మ హెబ్రోనుకు పెద్దమ్మ. వసారాలో బెంచీ మీద ఈ చివర నేను, ఆ చివర ఆవిడ, మధ్యలో హెబ్రోను. ఎవరికోసం వచ్చారో ఆ స్టూడెంటు పక్కనే కూర్చోవాలని ఇంకో రూలు.

"దగ్గు తగ్గిందా నాయనా?" అని ఆవిడ హెబ్రోనును అడిగేది.

వాడు నావైపు చూసి, "తగ్గలేదంట పెద్దమ్మా," అనేవాడు.

"చుట్ట మానమని ఎన్నిసార్లు చెప్పినా నీకు?"

"మానతాడంట పెద్దమ్మా."

చూశారా ఎంత సుఖమో! మాట్లాడవు, మాట్లాడవు అని పెళ్లయిన నాటినుంచీ నన్ను దెప్పేది. ఇప్పుడు నా తరఫున బీయే చదివేవాడు మాట్లాడుతున్నాడు. ఎంత పెద్ద జమీందారుకైనా ఈ వైభోగం ఉందా?

ఇంతలో అర్ధసంవత్సరం పరీక్షల్లో హెబ్రోనుకు ఇంగ్లీషు పోయింది. పద్మనాభయ్యగారు కారణం కనిపెట్టారు. "ఆ పెద్దమ్మ వల్లే! పెద్దపరీక్షలయ్యేదాకా ఆవిణ్ని రానివ్వద్దు," అని నాకే చెప్పారు. గేటు దగ్గర ఎవరిని ఆపాలో మీరాకు చెప్పాల్సింది నేనే కదా! చెప్పాను. కోటకు కబురు పెట్టడానికి మాత్రం నోరు రాలేదు.

ఆదివారం ఆవిడ రానే వచ్చింది. మీరా తల దించుకుని, "హెబ్రోనుకు చుట్టాలు బందు పెద్దమ్మా," అన్నాడు. ఆవిడ గిన్నె మార్చి పట్టుకుంది. నావైపు చూసింది. పెళ్లయ్యాక ఒక్క మాటైనా గట్టిగా మాట్లాడాలనిపించింది నాకా రోజే.

నాకంటే ముందు వసారాలోంచి రహ్మాన్ అనే కుర్రాడు అరిచాడు. "మా పెద్దమ్మ! నా కోసం వచ్చింది!"

"నీకెట్ల పెద్దమ్మరా? మా పెద్దమ్మ!" అని మేడమీదనుంచి మరొకడు. మెట్లన్నీ దడదడ. అటుకులు తిన్న దేశభక్తులందరికీ ఆవిడ పెద్దమ్మే అయింది! ఆ గోలకు ఖర్మకాలి వార్డెనుగారు కూడా వచ్చారు, మర్చిపోయిన గొడుగు తీసుకుపోదామని.

"ఏమ్మా, ఇంతకీ నువ్వెవరు?"

"రమణయ్య పెళ్లాన్ని దొరా."

"రమణయ్యకు పెళ్లయిందా!" ఆశ్చర్యపోయారు. తేరుకుని నెమ్మదిగా బోధించారు. "చూడమ్మా, ఇది ఆయన ఇల్లు. సొంత ఇంట్లో ఉండేవాడికి విజిటర్లేమిటి?"

"ఇల్లయితే నన్నూ ఉండమంటారా మరి?"

"అదెట్లా? ఇది హాస్టలు గదా!"

అదీ చదువంటే! పులుసు లోపలికి వెళ్లింది. ఆవిడ బస్సుకు వెళ్లింది.

అందుకని యూనివర్సిటీ పెద్దలకు ఒక మనవి. నాకు సెలవిమ్మని అడగను. ఇంత సుఖాన్ని ఏళ్ల తరబడి నేనొక్కణ్నే అనుభవించడం స్వార్థమనిపిస్తోంది, అంతే. ఆదివారాలు మాత్రం వార్డెనుగారిని నా గదిలో ఉండనివ్వండి. తలుపుకు గడియ లేదు, గాలి బాగా వస్తుంది. నేనా పూట కోటకు పోయి ఎలాగో కష్టపడతాను.

వారి శ్రీమతిగారికి ఆయన్ని చూడాలనిపిస్తే నిక్షేపంగా రావచ్చు. ఎవరికి పెద్దమ్మనని చెప్పాలో ఆవిడ ఇష్టం. మా పిల్లలందరూ మంచివాళ్లే.