ఇంటాయన చెప్పిన ఆడవారి కష్టాలు

ఒక పెద్ద అడవిలో సమస్తమూ ఉండేది. దాన్ని లెక్కపెట్టినవారు మాత్రం లేరు. ఆ కొరత తీర్చడానికి విశారదుడనే నక్క ఎక్కడో దూరపు అడవిలో సర్వే విద్య అభ్యసించి తిరిగి వచ్చాడు.

చరిత్ర చదివినవారికి ఒక సంగతి తెలుసు. రాజ్యాలు జనాన్ని మొదట పన్నుల కోసం లెక్కపెట్టాయి, ఆ తరువాత యుద్ధాల కోసం. జాలిపడటానికి లెక్కపెట్టడం ఇటీవలి నాగరికత. ఆ నాగరికతను విశారదుడు ఉగ్రకేసరి అనే సింహరాజు కొలువులో ప్రవేశపెట్టాడు.

"ప్రభూ, మన అడవిలో ఎందరో ఆడవాళ్ళు సొంత వ్యాపారాలు చేసుకుంటున్నారు. వాళ్ళ కష్టాలేమిటో మనకు తెలియదు," అన్నాడు విశారదుడు.

"అడిగితే చెప్పరా?"

"అడగడం వేరు, సర్వే చేయడం వేరు ప్రభూ. అడిగితే జవాబు వస్తుంది. సర్వే చేస్తే నివేదిక వస్తుంది."

రాజుగారికి నివేదిక అన్న మాట నచ్చింది. పూర్వం ఆయన తాతగారు గుహ గోడ మీద పంజా గుర్తు వేయించుకున్నారు. నివేదిక అంతకంటె శాశ్వతమని విశారదుడు హామీ ఇచ్చాడు.

ఆ వ్యాపారం చేసే ఆడవాళ్ళలో భల్లమ్మ అనే ఎలుగుబంటి ఒకతె. ఆమె కొండ మీద తేనె పట్టి, కుండల్లో నింపి, వాగు అవతలి సంతకు మోసుకుపోయేది. తేనెకు బదులుగా ఎండిన ఇప్పపువ్వు, దుంపలు తెచ్చుకునేది. వానకాలమంతా పిల్లలు తినేది అవే. ఆ ఏడు గాలివానకు ఒక పెద్ద మద్దిమాను విరిగి, రేవుకు దిగే దారికి అడ్డంగా పడింది. ఉత్త చేతులతో అయితే దాన్ని ఎక్కి దిగవచ్చు. వీపున నిండు కుండలతో దాటడం అసాధ్యం. వాగు పొంగేలోగా ఆ మాను తొలగకపోతే తేనె ఇవతల, తిండి అవతల.

భల్లమ్మ దారుల అధికారి అయిన దంతయ్య అనే ఏనుగు దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, ఆ మానును కాస్త పక్కకు నెట్టించండి. తమకెంత పని?"

"నాకది తొండం ఊపినంత పనమ్మా. కానీ సర్వే వస్తోంది. సర్వేలో తేలకముందే నీ కష్టం తీర్చేశాననుకో, రేపు వాళ్ళు వచ్చి చూస్తే కష్టం ఉండదు. సర్వేను చెడగొట్టాడని నా మీద నేరం మోపుతారు."

"పోనీ, సర్వేలోనే చెబితే?"

"చెప్పు తల్లీ, నిక్షేపంగా చెప్పు. అదున్నది అందుకేగా!"

సర్వే చేసే ఉద్యోగం బకయ్య అనే కొంగకు దక్కింది. ఎంతసేపైనా ఒంటికాలి మీద నిలబడగలగడమే దానికి అర్హత. బకయ్య పొద్దెక్కాక బయలుదేరి ఎండ ముదరకముందే ఇల్లు చేరేవాడు. సరిగ్గా ఆ వేళకు అడవిలోని ఆడవాళ్ళంతా పనుల మీద ఉండేవారు.

పైగా ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. ఎవరు ఏ పని మీద వచ్చినా గుహ వాకిట నిలబడి, "ఇంటాయన ఉన్నారా?" అని పిలవాలి. ప్రసవానికి మంత్రసానిని తీసుకుపోవడానికి వచ్చినా అదే పిలుపు.

"ఇంటాయన ఉన్నారా?" అన్నాడు బకయ్య భల్లమ్మ గుహ ముందు.

"ఉన్నాను. నేనెప్పుడూ ఉంటాను," అన్నాడు ఆమె భర్త జాంబయ్య, ఆవులిస్తూ.

"మీ ఆవిడ వ్యాపారం గురించి ఆవిడను అడగాలండి."

"కొండకు పోయింది. తేనె పట్టుకోవడానికి."

"వ్యాపారం చేసేవాళ్ళే ఇంట్లో లేకపోతే మేం వ్యాపారం గురించి ఎవర్ని అడగాలండీ? సరే, మీరే చెప్పండి. ఆమెకున్న ముఖ్యమైన ఆటంకం?"

జాంబయ్య నిజాయితీపరుడు, తనకు తెలిసిందే చెప్పాడు. "పొద్దస్తమానం బయట తిరగడమే. నా వీపు గోకే దిక్కు లేదు."

"ఇంటికి దూరం కావడం," అని బకయ్య రాసుకున్నాడు. "మరి ఎలాంటి సాయం అందితే బాగుంటుంది?"

"విశ్రాంతి. ఇంటిపట్టున కూర్చోబెట్టాలి."

"లోతైన జవాబండీ! నిన్న అడవిదున్న గారు కూడా ఇదే చెప్పారు," అని బకయ్య కాలు మార్చాడు.

సాయంత్రం భల్లమ్మ తిరిగి వచ్చి సంగతి విన్నది. "ఏమయ్యా, మద్దిమాను సంగతి చెప్పావా?"

"ఆ ప్రశ్న రాలేదే."

"రాకపోతే నువ్వే చెప్పకూడదా?"

"పాపం, ఒంటికాలి మీద నిలబడ్డాడే. ఎంతసేపని నిలబెట్టను?"

భల్లమ్మ పరుగున పోయి బకయ్యను మడుగు ఒడ్డున పట్టుకుంది. "నా కష్టం నేను చెబుతాను, రాసుకో నాయనా."

"మీ జవాబు ఇదివరకే వచ్చేసిందమ్మా. మళ్ళీ ఇంకొకటి రాస్తే ఒక్కరికే రెండు అభిప్రాయాలైపోతాయి. శాస్త్రం ఒప్పుకోదు."

రాజగుహ ముందు కూడా బకయ్య మర్యాద తప్పలేదు. అక్కడ వేటాడేది మహారాణి కేసరిణి. జవాబు చెప్పింది మహారాజు. "వేట ఆవిడదే. తినడమనే కీలక బాధ్యత మాత్రం నేను చూసుకుంటాను. పాపం, బయట తిరిగి అలసిపోతోంది."

నివేదిక వచ్చింది. ఆడవారి వ్యాపారాలకున్న ఏకైక ఆటంకం వారు ఇల్లు కదలడమని అందులో తేలింది. అంత ఏకగ్రీవంగా అడవి ఎన్నడూ మాట్లాడలేదని విశారదుడు పొంగిపోయాడు. వెంటనే గృహవిశ్రాంతి పథకం వెలువడింది: వ్యాపారం చేసే ప్రతి స్త్రీ ఇంటిపట్టునే ఉండాలి; తగినంత విశ్రాంతి పొందిందని మలి సర్వేలో తేలేవరకు కదలరాదు.

"నాకు కూడా వర్తిస్తుందా?" అంది మహారాణి.

"శాసనం ముందు అందరూ సమానులే మహారాణీ," అన్నాడు విశారదుడు.

"ఎంత మంచి మాట," అని మహారాణి ఒళ్ళు విరుచుకుని పడుకుంది.

భల్లమ్మ గుహలో కుండలు నిండి ఉన్నాయి. పడమట మబ్బు కమ్ముతోంది. "అమ్మా, ఇప్పపువ్వు ఎప్పుడు తెస్తావు?" అని పిల్లలు అడిగారు. "నా విశ్రాంతి పూర్తయ్యాక," అంది భల్లమ్మ, మబ్బు వంకే చూస్తూ. జాంబయ్య వీపు మాత్రం ఆ రోజుల్లో నున్నగా మెరిసింది.

రాజ్యాలను పడగొట్టినవి శత్రుసేనలని చరిత్రకారులు రాస్తారు. ఆకలికి వాళ్ళు ఇవ్వవలసినంత చోటివ్వలేదు. రాజుగారు మహారాణి దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నారు.

"దేవీ, వేట..."

"ఎలా వెళ్ళను? బయట తిరిగి అలసిపోతున్నానని మీరే సెలవిచ్చారు."

"మరి నా సంగతి?"

"తినడమనే కీలక బాధ్యత ఉందిగా. నిర్వర్తించండి."

రాజుగారు స్వయంగా వేటకు వెళ్ళారు. జింకలు మర్యాద కోసం కొంచెం పరిగెత్తాయి; అదే ఎక్కువైంది. రాజుగారి ఎంగిలి మీద బతికే విశారదుడి డొక్కలు కూడా లోపలికి పోయాయి. చివరికి ఇద్దరూ తేనె వాసన పట్టుకుని భల్లమ్మ వాకిటికి చేరారు.

"భల్లమ్మా, కాస్త తేనె పెట్టు."

"పెడితే వ్యాపారమంటారు ప్రభూ. నేను విశ్రాంతిలో ఉన్నాను."

"ఆకలేస్తోందే!"

"అయ్యో! మహారాణిగారు వెంట వచ్చారా?"

"ఆవిడెందుకు? ఆకలి నాది!"

"మీ ఆకలి సంగతి మీరు చెబితే ఎలా చెల్లుతుంది ప్రభూ? ఇంటావిడ చెప్పాలి. సరే, ఇంత దూరం వచ్చారు కాబట్టి అడుగుతాను. తమ ఆకలి కొంచెమా, మధ్యస్థమా, ఎక్కువా? ఒక్కటే చెప్పాలి."

"ప్రశ్న పద్ధతిగానే ఉంది ప్రభూ," అని విశారదుడు అలవాటు కొద్దీ గొణిగాడు.

రాజుగారు తల తిప్పి విశారదుణ్ణి చూశారు. మంత్రిని చూసే చూపు కాదది. జింకను చూసే చూపు. ఆ క్షణంలోనే విశారదుడికి సర్వే పద్ధతిలో కొన్ని లోపాలు స్ఫురించాయి. "ఆమెకు ఏం కావాలో తమరే కనుక్కుంటే బాగుంటుందేమో ప్రభూ," అన్నాడు వెనక్కి జరుగుతూ.

"అసలు నీకేం కావాలి?" అని రాజు గర్జించాడు.

అంత పెద్ద సర్వేలో ఎవరూ ఆమెను అడగని ప్రశ్న అదే.

"వాగు దారిలో మద్దిమాను తీయించండి."

"అంతేనా?"

"అంతే ప్రభూ."

రాజు అరుపుకు దంతయ్య పరుగెత్తుకొచ్చాడు. తొండం ఒక్కసారి ఊపాడు. మాను పక్కకు దొర్లింది. పథకం రద్దయింది. మహారాణి తీరిగ్గా లేచి, తీరిగ్గా వేటకు బయలుదేరింది. ఆమె వచ్చేదాకా ఆగలేక రాజుగారు సగం తేనెకుండలు ఖాళీ చేశారు. మిగిలిన వాటిని వీపున కట్టుకుని భల్లమ్మ వాగు దాటింది. దుంపలతో ఇవతలి ఒడ్డు ఎక్కేసరికి వెనక ఎర్రనీళ్ళు పొంగుకొచ్చాయి. ఆ వానకాలం ఆమె పిల్లలు సగం కడుపుతో గడిపారు.

రేవు పక్కన ఇప్పుడొక రాతి శాసనం ఉంది: ఉగ్రకేసరి మహారాజు, విశారదుని సర్వే ఫలితముగా, స్త్రీల వ్యాపారాభ్యుదయమునకై ఈ దారిని కల్పించెను. రేపటి చరిత్రకారులు దాన్నే నమ్ముతారు. రాయి అబద్ధమాడదని వాళ్ళ విశ్వాసం.

వానలు తెరిపి ఇవ్వగానే, పథకం వల్ల కలిగిన తృప్తిని కొలవడానికి బకయ్య మళ్ళీ వచ్చాడు. భల్లమ్మ కొండ మీద ఉంది.

"ఇంటాయన ఉన్నారా?"

"ఉన్నాను," అన్నాడు జాంబయ్య. "ఆ పథకం మళ్ళీ ఎప్పుడు పెడుతున్నారండీ?"

కథలో నీతి లేనిదే నిద్రపట్టనివారు ఇది ఉంచుకోవచ్చు: ఆడవారి కష్టం రాజుగారికి తెలియాలంటే సర్వే చేయించాలి, అది తీరాలంటే మాత్రం రాజుగారికి ఆకలి వేయాలి.