తూకం హాలు ముందు బూట్లు

ఈ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచీ పండు నోరు పూర్తిగా మూతపడలేదు. దగ్గరికి వెళ్ళగానే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. రోడ్డు దాటడానికి అంచున నిలబడితే చాలు, అంతంత కార్లు కిమ్మనకుండా ఆగిపోతాయి. మొదటిసారి అలా ఒక కారు ఆగినప్పుడు, లోపల ఉన్నది ఎవరో తెలిసినవాడనుకుని దగ్గరికి వెళ్ళి కుశల ప్రశ్నలు కూడా వేశాడు.

పండు అనేది ఇంట్లో పిలిచే ముద్దుపేరు. అసలు పేరు పలకలేక సెక్షన్ హెడ్డు పడుతున్న అవస్థ చూసి, పోనీలే పాపమని తనే ఆ పేరు చెప్పేశాడు. అప్పటినుంచి ఆరడుగుల మనిషిని ఆఫీసంతా ఎంతో గంభీరంగా "మిస్టర్ పండు" అని పిలుస్తోంది.

ఆ సోమవారం పండు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాలి, త్రాసును తుడిచి సిద్ధంగా ఉంచాలి, పెద్ద డైరెక్టరుగారు వచ్చి చూసే వేళకు దాని అంకె కదలకుండా నిలబడేలా చూడాలి. అతను పనిచేసే కంపెనీ తయారుచేసేవి మామూలు త్రాసులు కావు. కాగితం ముక్కను తూచి, దాని మీద పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి మళ్ళీ తూస్తే, ఆ సున్నా బరువు కూడా చెప్పేస్తాయి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా పండుకు ఒళ్ళు పులకరిస్తుంది.

అయితే కొత్తగా చేసిన పెద్ద త్రాసులో చిట్టచివరి అంకె మాత్రం నిలవడం లేదు. పగలంతా గంతులు వేస్తూనే ఉంది. తీగలు మార్చారు, ఏసీ ఆపారు, చుట్టూ గాజు గది కట్టారు. సెక్షన్ హెడ్డు నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ ఆ అంకెకే బలైపోయాయి. దాన్ని నిలబెట్టడం కోసమే పండును ప్రొబేషన్ మీద తీసుకున్నారు. ఈరోజు అంకె నిలబడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే తిరుగు ప్రయాణం.

"నువ్వు కంగారుపడి ఏదీ కెలక్కు," అన్నాడు అన్నయ్య, టీ చల్లార్చుకుంటూ. అతను పండుకు పెద్దమ్మ కొడుకు. అదే కంపెనీ స్టోర్సులో చాలాకాలంగా పాతుకుపోయాడు, పండును తన గదిలోనే పెట్టుకున్నాడు. "ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏదీ అడగరురా. ముందున్నవాడు ఏం చేస్తే వెనకున్నవాడు అదే చేస్తాడు. నువ్వూ అంతే. సొంత తెలివి వాడకు."

"ముందు ఎవరూ లేకపోతేనో?"

"ఎందుకు లేకపోతారు? నోర్మూసుకుని టిఫిన్ తిను."

పండు తూకం హాలు చేరేసరికి నిజంగానే ముందు ఎవరూ లేరు. తలుపు తెరిచి, ఉన్నచోటే నిలబడిపోయాడు. శని, ఆదివారాల్లో హాలంతా కొత్త నేల వేశారు. ఈ గోడ నుంచి ఆ గోడ వరకు తెల్లగా, ఒక్క అతుకు లేకుండా, ఒక్క మరక లేకుండా పరుచుకుని ఉంది. పైనున్న దీపాలన్నీ కింద కూడా వెలుగుతున్నాయి. వంగి చూస్తే నోరు తెరుచుకున్న తన ముఖమే కనిపించింది. ఇంత శుభ్రమైన నేల మనుషులు నడవడానికా అని అతనికి భయం వేసింది.

వీధిలో తిరిగి వచ్చిన బూట్లతో దాన్ని తొక్కడానికి మనసొప్పలేదు. ఇంట్లో అయితే అమ్మ గుమ్మం దాటనిచ్చేదే కాదు. ఆలోచించకుండానే వంగి లేసులు విప్పాడు, మేజోళ్ళు బూట్లలో దోపాడు, జతను గోడవారగా సర్ది వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాడు. త్రాసు తుడిచి, స్విచ్చి వేసి, గుండెలు చిక్కబట్టుకుని అంకె వైపు చూశాడు.

అంకె కదలలేదు.

పండు ఊపిరి బిగబట్టాడు, వదిలాడు. అయినా కదలలేదు. త్రాసుకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. కళ్ళు చెమర్చాయి. ఈ శుభవార్త అన్నయ్య చెవిన వేయకపోతే ప్రాణం నిలిచేలా లేదు. వెనక తలుపు తీసుకుని స్టోర్సుకు పరుగెత్తాడు.

అన్నయ్య శుభవార్త వినలేదు, కాళ్ళు చూశాడు.

"ఒరేయ్! బూట్లేవిరా?"

"ముందు గుమ్మం దగ్గర విప్పాను. కొత్త నేల కదా అని..."

"ఇది ఆఫీసనుకున్నావా, మన వంటింటి వసారా అనుకున్నావా? ఇన్నేళ్ళలో ఇక్కడ ఎవడైనా ఆఫీసులో బూట్లు విప్పడం చూశానా? డైరెక్టరుగారి ముందు వట్టి కాళ్ళతో నిలబడితే మనిద్దరినీ కలిపి పంపిస్తారు!"

"వెళ్ళి తొడుక్కొస్తాను."

"ఆవిడ వచ్చేది ఆ గుమ్మం నుంచే. చేత్తో మేజోళ్ళు పట్టుకుని ఎదురుపడతావా? ఆగు." అన్నయ్య బీరువాలు తెరిచాడు, మూశాడు. పండు పాదానికి సరిపోయేవి దొరకలేదు. చివరికి గోడౌనులో బరువులు మోసేవాళ్ళు వేసుకునే ఇనప మొన బూట్లు దొరికాయి. అవి కూడా ఒక సైజు పెద్దవి. పండు వాటిలో పాత కాగితాలు కుక్కి, లేసులు బిగించేసరికి చాలాసేపు పట్టింది.

ఈలోగా ముందు గుమ్మం దగ్గర ఏం జరిగిందో పండుకు తర్వాత తెలిసింది. మొదట సెక్షన్ హెడ్డు వచ్చాడు. కొత్త నేల చూశాడు, గోడవారగా ముచ్చటగా సర్దిన బూట్ల జత చూశాడు. కొత్త నేలతో పాటు కొత్త నియమం వచ్చినట్టుందని, తనొక్కడికే అది తెలియలేదని సిగ్గుపడి, ఎవరైనా చూసేలోపల గబగబా బూట్లు విప్పేశాడు. వెనకొచ్చిన ఇంజనీర్లు రెండు జతలు చూసి తమవీ విప్పారు. అకౌంటెంటు మేజోడులోంచి బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది. అయినా నియమం నియమమేనని, వేలు ముడుచుకుని మడమల మీద నడిచి లోపలికి వెళ్ళాడు.

ఆఫీసు నిర్వహణ చూసే ఆవిడకు బూట్ల గుట్ట చూసి ప్రాణం ఉసూరుమంది. వెంటనే ఒక ర్యాకు తెప్పించింది. ర్యాకు పెట్టాక బోర్డు లేకపోతే బాగుండదని "బూట్లు ఇక్కడ విడవండి" అని రాయించి పెట్టింది. బోర్డు చూసిన క్యాంటీను ఆవిడ, చక్రాలు కూడా బూట్ల లెక్కలోకే వస్తాయేమోనని ట్రాలీ బయట వదిలి కప్పులు చేత్తో మోసుకెళ్ళింది. పెద్ద డైరెక్టరుగారు పరివారంతో వచ్చే వేళకు సెక్యూరిటీ గార్డు తన బూట్లు చేత పట్టుకునే సెల్యూట్ చేశాడు. నెరిసిన జుట్టు, నిటారైన మనిషి ఆవిడ. బోర్డు చదివారు, కుర్చీ అడిగారు, కూర్చుని బూట్లు విప్పారు. వెంట వచ్చిన కోట్లవాళ్ళు మారుమాట్లాడకుండా ఒంటికాలి మీద నిలబడి తమవీ విప్పుకున్నారు.

హాలంతా మేజోళ్ళతో నిండిపోయింది. చిన్న అలికిడి కూడా లేదు. డైరెక్టరుగారు త్రాసు ముందు నిలబడ్డారు. అంకె గోడకు మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. సెక్షన్ హెడ్డు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవరు సాధించారు?" అని అడిగారు ఆవిడ.

"మిస్టర్ పండు," అన్నాడు సెక్షన్ హెడ్డు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది.

ధన్. ధన్. ధన్.

తన రాక చూసి అంతమందీ ఒక్కసారిగా ఇటు తిరగడంతో పండు పొంగిపోయాడు. మర్యాదగా ఇంకో రెండడుగులు వేశాడు. అంకె ఎగిరి గంతేసింది. పండు పై ప్రాణాలు పైనే పోయాయి. త్రాసును కాపాడుకుందామని పరుగు లంకించుకున్నాడు. అంకెకు పూనకం వచ్చింది.

"ఆగండి!" అన్నారు డైరెక్టరుగారు.

పండు ఆగాడు. అంకె కూడా ఆగింది.

"ఒక్క అడుగు వేయండి."

ధన్. అంకె ఎగిరింది.

ఆవిడ చూపు అంకె నుంచి కిందికి దిగి ఇనప బూట్ల మీద నిలిచింది. హాల్లో ఉన్న చూపులన్నీ దానితో పాటే దిగాయి. పండు కూడా కిందికి చూశాడు. నల్లవి, బూడిద రంగువి, గీతలవి, ఆవిడవి లేత నీలం. ఇంతటి ఆఫీసు, ఇంతమంది పెద్దమనుషులు, తెల్లటి నేల మీద మేజోళ్ళతో బారులు తీరి నిలబడి ఉన్నారు. ఒక్కరు కూడా ఎందుకని అడగకుండా ఇంత పని చేశారంటే, ఈ మనుషులను చూసి భయపడాలో మొక్కాలో పండుకు తెలియలేదు.

"అంటే ఇన్నాళ్ళూ మన నడకే!" సెక్షన్ హెడ్డు కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ నియమం ఎవరు పెట్టారు?" అన్నారు డైరెక్టరుగారు.

నిర్వహణ ఆవిడ ముందుకొచ్చింది. "నేను బోర్డే పెట్టానండి, ర్యాకు ఉంది కదా అని. ర్యాకు బూట్లున్నాయని పెట్టాను."

"సెక్షన్ హెడ్డుగారు విప్పారని మేం విప్పాం," అన్నారు ఇంజనీర్లు.

"అప్పటికే అక్కడో జత ఉందండి," అన్నాడు సెక్షన్ హెడ్డు.

"ఆ మొదటి జత ఎవరిది?"

పండుకు ఉద్యోగం చేతికందినట్టే అంది జారిపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా ఆవిడ ముందు అబద్ధం నోటికి రాలేదు.

"నాదేనండి. నియమం అనుకుని కాదు. ఇలాంటి నేల నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పొద్దున్న తలుపు తీశాక... తొక్కడానికి మనసు రాలేదండి."

ఆవిడ నేల వంక ఒకసారి, ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశారు.

"దీని రంగు ఎంచింది నేనే," అన్నారు నెమ్మదిగా. "బిల్లు చూసి అందరూ మాట్లాడారు. నేల వంక చూసింది మీరొక్కరే."

పండు ముందుకొచ్చి నమస్కారం పెట్టబోయి, అడుగు పడితే అంకె ఎగురుతుందని గుర్తొచ్చి, ఉన్నచోటే నిలబడి పెట్టాడు.

సాయంత్రానికల్లా అతని ఉద్యోగం ఖాయమైంది. కొత్త నియమం వచ్చాక తూకం హాల్లో బూట్లతో నడిచిన మొట్టమొదటి ఉద్యోగి అయినందుకు, మందలింపు కూడా అదే కవరులో వచ్చింది.