రాగి తూటా, రెండు చొక్కాలు

మిషిగన్ ఉత్తరపు అడవుల్లో దుప్పుల వేట రేపు మొదలవుతుందనగా, ఆ ఉదయం రెయినో కొస్కెలా వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, రైఫిల్ గురి కుదుర్చుకుని, బావమరిది ఊర్హోతో కలిసి వేట గుడిసెకు వెళ్ళడం. కాఫీ దగ్గరే భార్య సైమా అడ్డుపడింది.

"మనవరాలికి పళ్ళొచ్చాయి. ఈ ఏడు అదీ మాంసం తింటుంది. సీసం తూటా పొడిపొడిగా చెదిరి కండలో ఉండిపోతుందట. అలా కొట్టిన దుప్పి నా ఫ్రీజర్లోకి రాదు. ముందే చెప్తున్నానయ్యా!"

రెయినో వెళ్ళి రాగి తూటాలు కొన్నాడు. "రాగి తేలిక. సీసం తగిలిన చోటే ఇదీ తగుల్తుందనుకోవద్దు. వీటితోనే మళ్ళీ గురి చూసుకోండి" అని కొట్టువాడు మరీ మరీ చెప్పాడు. రెయినో బుద్ధిగా తలూపాడు. తీరా ఇంటికొచ్చి పెట్టె విప్పితే, ఎర్రగా మెరుస్తున్న ఆ తూటాలను అట్టముక్క మీద తగలేయడానికి మనసొప్పలేదు. పాత సీసం తూటాలు ఎలాగూ దండగే కదా అని వాటితో గురి కుదుర్చుకున్నాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా.

మర్నాడు తెల్లారగానే కొమ్ముల దుప్పి ఒకటి ఎదురుగా వచ్చి నిలబడింది. రెయినో కాల్చాడు. అది ఎగిరి పొదల్లోకి దూకింది. వెంటనే ఆవలివైపు ఊర్హో రైఫిల్ పేలింది. రెయినో పరుగున వెళ్ళేసరికి దుప్పి పడి ఉంది. ఒంటి మీద ఒకటే గాయం.

"నాదే బావా! నీ రాగి దాన్ని నిద్ర లేపింది, నా సీసం నిద్రపుచ్చింది!" అన్నాడు ఊర్హో.

"పాతవాటితో గురి చూసుకున్నాన్రా, అందుకే..." అని రెయినో నోరు జారాడు. ఊర్హో నవ్వలేక మంచులో కూలబడ్డాడు.

గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి గుడిసె గోడకు మేకు కొట్టడం అక్కడి ఆచారం. రెయినోది తండ్రి తొడిగిన ఎర్రగళ్ళ ఉన్ని చొక్కా. ఇన్నేళ్ళలో దానికి కత్తెర తగల్లేదు. ఊర్హో కత్తిరిస్తుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

సాయంత్రం దుప్పిని ఇంటికి తెస్తే సైమా వాకిట్లోనే ఆపింది.

"ఎవరి తూటా?"

"నాదే అక్కా!"

"అయితే మీ ఇంటికే తీసుకుపో."

ఊర్హో ఇంట్లో ఫ్రీజరూ లేదు, వండిపెట్టేవాళ్ళూ లేరు. చలికాలమంతా అతనికి అక్క చేతి దుప్పి కూరే గతి. గొంతు సవరించుకున్నాడు.

"అంటే... ఆలోచిస్తే బావదే తగిలిందనిపిస్తోంది. నాది చెట్టుకి తగిలినట్టుంది."

"అయితే గురి తప్పింది నీదన్నమాట. ఇటు తిరుగు" అంటూ రెయినో కత్తెర అందుకున్నాడు. కొత్త చొక్కా వెనక అంచు తెగుతుంటే ఊర్హో కూర తలుచుకుని ఓర్చుకున్నాడు.

ఇక సైమా షెడ్డులో దుప్పిని కోయడం మొదలుపెట్టింది. భుజం దగ్గర కత్తి మొనకు ఏదో తగిలింది. వేలితో తీసి దీపం కింద పెట్టింది. బూడిదరంగు రజను.

"ఏరా, రాగి ఈ రంగులో ఉంటుందా?"

ఊర్హో చూరు వైపు చూశాడు. రెయినో కూడా అటే చూశాడు. సైమా షెడ్డు తలుపు బార్లా తెరిచి, దుప్పిని మోసుకుపొమ్మని ఇద్దరికీ దారి చూపించింది.

ఆ చలికాలం వాళ్ళింట్లో ఎవరూ సీసం తినలేదు. దుప్పినీ తినలేదు.