సాల్హా చిల్లుల కుండలు

ఆ సోమవారం పొద్దున ఎడారి పట్నం తొజూర్ శివార్లలోని చిన్న ఖర్జూర పరిశోధన కేంద్రం డైరెక్టరు డాక్టర్ లజ్‌హర్ రెండు పనులు పెట్టుకున్నాడు. పది గంటలకు నెదర్లాండ్స్ నుంచి వస్తున్న ప్రొఫెసరుకూ ఆమె ఇద్దరు విద్యార్థులకూ స్వాగతం చెప్పడం ఒకటి. వాళ్లు వచ్చేలోపు సాల్హా కుండలు ఎవరి కంటా పడకుండా చేయడం రెండోది.

సాల్హా ముప్పై ఏళ్లుగా ఆ ప్రయోగశాలలో సహాయకురాలు. ఖర్జూరపు కాయను తొలిచే పురుగును వెతికి, కుట్టి, దాని మీదే గుడ్లు పెట్టే చీమంత కందిరీగలను ఆమె కుస్కుస్ అనే గోధుమరవ్వ వంటకాన్ని ఆవిరి మీద వండే మట్టి కుండల్లో పెంచుతుంది. కింది కుండలో తడి ఇసుక, దాని మీద చిల్లుల కుండ, చిల్లులకూ మూతికీ పల్చటి గుడ్డ. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ కాస్తున్నా లోపల కందిరీగలు చల్లగా కాపురం చేసుకుంటాయి. వాటి పుణ్యమా అని చుట్టుపక్కల తోటలవాళ్లు పురుగుమందు కొట్టడం మానేసి మూడేళ్లయింది.

లజ్‌హర్‌కు ఇదంతా తెలుసు. అయినా శిక్షణ ఇవ్వడానికి అంత దూరం నుంచి వస్తున్నవాళ్ల ముందు వంటపాత్రలు పెడితే ఏం పరువు? కుండలను వంటింటి పక్క గదికి చేరవేయించి, ఎప్పుడో ఒక పథకం కింద వచ్చిన, కందిరీగలను పెంచే విదేశీ యంత్రాన్ని శుభ్రంగా తుడిపించాడు.

"సీ లజ్‌హర్, అది రెండేళ్లుగా పనిచేయట్లేదు," అంది సాల్హా. అక్కడ గౌరవంగా మగవాళ్లను సీ అనీ, ఆడవాళ్లను లల్లా అనీ పిలుస్తారు.

"పనిచేయాలని ఎవరన్నారు లల్లా సాల్హా? లైటు వెలిగితే చాలు."

"కుండలు కదిపితే నా కందిరీగలు కంగారుపడతాయి."

"వాటికంటే నేనెక్కువ కంగారుపడుతున్నా."

లైటు వెలిగింది. వెలిగిన అర నిమిషానికి భవనమంతా కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే అతిథుల కారు గేటు దాటింది. ముగ్గురనుకుంటే, రాజధాని ట్యునిస్ నుంచి వెంటబడి వచ్చిన ఇద్దరు అధికారులతో కలిపి అయిదుగురు దిగారు. లజ్‌హర్ గాలి కోసం తలుపులూ కిటికీలూ తెరిపించి, కుస్కుస్ ఇంకాస్త ఎక్కువ వండమని వంటమనిషి హనీయకు కబురు పెట్టాడు.

హనీయ దగ్గరున్న కుండ చాలలేదు. పక్క గదిలో చూస్తే వరసగా ఎనిమిది చిల్లుల కుండలు. డైరెక్టరుకు ఎంత ముందుచూపో అని మెచ్చుకుని పెద్దదాని గుడ్డ విప్పింది. లోపలినుంచి గోధుమరంగు పొగలాంటిది లేచి, ఆమె ముఖం మీదుగా వసారాలోకి సాగిపోయింది. ఇది బాగాలేదని రెండోది విప్పింది. హనీయ పట్టుదల గల మనిషి. మూడోదీ విప్పింది.

సమావేశపు గదిలో లజ్‌హర్ "మా ఆధునిక సౌకర్యాలు" అన్న మాట దగ్గర ఉన్నాడు. కందిరీగలు వచ్చి పుదీనా టీ గ్లాసుల అంచుల మీదా, పెద్ద అధికారి బట్టతల మీదా వాలాయి. అవి తోటలోంచి వచ్చిన దోమలని లజ్‌హర్ సర్దిచెప్పాడు. అధికారి మాత్రం నమ్మక కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. ఇక లాభంలేదని లజ్‌హర్ మందు తెమ్మని తోటమాలిని కేకేశాడు.

అతను పిచికారీ డబ్బాతో వచ్చేసరికి, అంతవరకూ గది మూలన ఉన్న సాల్హా గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఆమె గొంతు పెంచలేదు.

"ఇవి వచ్చే నెల నలభై తోటలకు వెళ్లాల్సినవి. మీరు దోమలన్నారు గనక పెద్దమనుషుల ముందు ఊరుకున్నా. మందు కొట్టించేట్టయితే ముందు నా మీద కొట్టించండి."

ప్రొఫెసర్ మార్గ్రీట్ తన మోచేతి మీద వాలిన కందిరీగను భూతద్దంలో చూస్తోంది. తల ఎత్తి, "ఈవిడేనా సాల్హా?" అని ఫ్రెంచిలో అడిగింది.

దోమల అబద్ధం మీద ఇంకో అబద్ధం కట్టడానికి లజ్‌హర్‌కు నోరు రాలేదు.

"అవును. ఈ కందిరీగలు ఆవిడవే. వంట కుండల్లో పెంచింది. ఆ కుండల్ని దాచింది నేను."

మార్గ్రీట్ తాము పంపిన ఉత్తరం నకలు తీసి రెండో పేజీ ఆయన ముందు పెట్టింది. కేంద్రం వార్షిక సంచికలో చివర చిన్న అక్షరాల్లో సాల్హా పేరుతో వచ్చిన కుండల వ్యాసాన్ని ఆమె చదివిందట. కరెంటు నిలకడలేని వేడి దేశాలన్నిటిలో తమ యంత్రాల్లోని కందిరీగలు చస్తున్నాయట. అందుకే తన విద్యార్థులను ఆరు నెలలు సాల్హా దగ్గర పని నేర్చుకోవడానికి తెచ్చిందట. లజ్‌హర్ మొదటి పేజీలో శిక్షణ అన్న మాట కనబడగానే చదవడం ఆపేశాడు.

ఆ పగలంతా, పురుగు పట్టిన ఖర్జూరాలు ఎరగా పెట్టి, అందరూ టీ గ్లాసులతో కందిరీగలను పట్టారు. అధికారి కూడా కుర్చీ దిగాడు. బల్ల కింద మోకాళ్ల మీద పాకుతున్న లజ్‌హర్‌కు ఛాతీ ఉప్పొంగింది. ఈ కేంద్రానికి ఇన్నాళ్లూ నేర్పడానికి వచ్చినవాళ్లే గాని, నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు. ఆ మాట పక్కనే పాకుతున్న సాల్హాతో అన్నాడు. ఆమె నవ్వి, మీ మోకాలి కింద ఒకటుంది, చూసుకోండి అంది.

మర్నాడు ఏడింటికి మొదటి పాఠం. డైరెక్టరు కూడా పేరు రాయించుకుని అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. సాల్హా అప్పటికే గైర్హాజరు వేసేసింది.