డబ్బా కోసం ఉపవాసం

నవ్వితే నవ్వండి, చెప్పేస్తాను. యేసు బాప్తిస్మం పండగ ఘితాస్ నాడు కుల్కాస్ తినకపోతే తెల్లారేసరికి తల ఉండదని ఈజిప్టులో, మా మిన్యాలో సామెత. కుల్కాస్ అంటే చామదుంపలు, పచ్చటి ఆకుకూర, ఘుమఘుమలాడే వెల్లుల్లి తాళింపు. పెళ్లయ్యాక మొదటి ఘితాస్. నా భార్య ఇరీనీ కుల్కాస్ వండటమూ అదే మొదటిసారి. తిని "అబ్బ!" అనే భాగ్యం నాది కావాలి.

అడ్డొచ్చింది నా కిడ్నీ. అందులో ఒక రాయి నాకంటే ముందే కాపురం పెట్టింది.

డాక్టరు పెద్ద డబ్బా ఇచ్చాడు. "పొద్దున మొదటి మూత్రం వదిలెయ్. ఆ తర్వాత మర్నాడు లేవగానే వచ్చేదాకా చుక్క పోకుండా పట్టు. డబ్బాలో యాసిడ్ ఉంది, కప్పులో పట్టి జాగ్రత్తగా పొయ్యి. రోజూ తినేదే తిను. రాళ్లు కట్టే ఆక్సలేటు ఎక్కువుంటే మాత్రం కుల్కాస్ బంద్, దాన్నిండా అదే."

పరీక్ష అన్నాక రోజూలాగే ఎవరుంటారండీ?

"ఆ రోజు ఉపవాసం తిండి తింటాను," అన్నాను ఇంటికొచ్చి. అంటే మాంసం, గుడ్డు, పాలు, జున్ను ఉండవు. "ఆత్మనే కడిగేది మూత్రాన్ని కడగదా?"

"నువ్వు ఇంజనీరువి కదూ?" అంది ఇరీనీ.

"బాప్తిస్మం పొందిన ఇంజనీర్ని."

"చెప్పినట్టు తిను బొక్తోర్! డబ్బాని మోసం చేస్తే ఏడ్చేది నీ కిడ్నీయే."

కోపంలో ఆమె నా పేరు ఎంత బాగా పలుకుతుందో! ఆ మైకంలో మిగతా మాటలు చెవికెక్కలేదు.

డబ్బాని ఫ్రిజ్‌లో మహారాజులా కూర్చోబెట్టాను. మధ్యాహ్నం అత్తగారు ఫిక్రియా పండగ సారెతో దిగింది. దిగీదిగగానే ఫ్రిజ్ తెరిచింది.

"ఇదేంటే, చెరుకురసమా?"

"ముట్టుకోకమ్మా! అది మీ అల్లుడి రసం."

తలుపు ఠపీమని మూసి, ఆవిడ నా కంచం కేసి చూసింది. "క్రిస్మస్ ఉపవాసం మొన్నేగా విడిచాం అల్లుడూ, మళ్లీ ఏమిటిది?"

నిజం చెప్పడానికి సిగ్గేసింది. "భక్తి అత్తయ్యా," అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆవిడ కళ్లొత్తుకుంటూ మెట్లెక్కి భవనమంతా చాటింది. సాయంత్రానికి పళ్లాలు వరస కట్టాయి. నువ్వుల ముద్ద, హల్వా, శనగలు వేసిన పాలకూర, మళ్లీ హల్వా. ప్రతి పళ్లెం వెనకా ఒక పిన్నిగారు. "మా బంగారమే! ఇంకో ముద్ద!" పైన పాలు లేని టీ. కాదనలేక అన్నీ తిన్నాను.

రిపోర్టు చూసి డాక్టరు ఈల వేశాడు. "ఆక్సలేటు ఆకాశంలో ఉంది! ఏం తిన్నావయ్యా?"

చెప్పాను.

"నువ్వులు, పాలకూర, టీ! అన్నీ ఆక్సలేటు గనులే. పాలో జున్నో ఉంటే కడుపులోనే దాన్ని పట్టి ఉంచేవి, అవీ లేవు. రోజూ ఇదే తిండా?"

పక్కన ఇరీనీ 'నేను చెప్పలే?' అనే చూపు సిద్ధం చేసుకుంటోంది. దానికి జడిసి, "రోజూ ఇదే," అనేశాను.

"నిజమేనా అమ్మా?"

"ఆయన మాటే నా మాట డాక్టరుగారూ," అంది ఇరీనీ, పెళ్లిరోజంత వినయంగా.

"అయితే కుల్కాస్ బంద్."

బయటికి రాగానే లబలబలాడాను. "నిజం చెబితే పండగలోపే మళ్లీ పరీక్ష చేసేవాడు కదే!"

"నువ్వెందుకు చెప్పలేదు?" అంది. మెట్టు మీద ఆగి, గొంతు తగ్గించింది. "రాయి నొప్పి వచ్చిన రోజు నేలమీద దొర్లుతూ నా చెయ్యి కూడా గుర్తుపట్టలేదు నువ్వు. కుల్కాస్ తినకపోయినా సరే, నాకు నిలబడే మొగుడు కావాలి."



పండగనాడు కుల్కాస్ పచ్చగా పొగలు కక్కింది. నా ముందు పెరుగన్నం. ఇరీనీ ఒక ముద్ద తిని, క్షణం కళ్లు మూసుకుని, గబుక్కున తెరిచింది.

"ఉప్పెక్కువైంది. నువ్వేం పోగొట్టుకోలేదులే," అంది నా వైపు చూడకుండా.

నా కోసమే ఆడిన ఆ అబద్ధానికి కరిగి నీరైపోతున్నాను. అంతలో అత్తగారు రొట్టెముక్కతో గిన్నె అడుగు తుడుస్తూ అంది.

"ఉప్పేమిటే? మా అమ్మ కూడా ఇలా వండలేదు!"