మూడో గేటుపై అభ్యంతరాలు

గురువారం పొద్దున లిదియా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నర బస్సుకు చేవెళ్ల నుంచి మొయినాబాద్‌లోని కాలేజీకి వెళ్లాలి. సాయంత్రంలోగా క్లాసులో పదిమందినైనా పట్టుకుని, తన నవల గురించి తలా నాలుగు మాటలు రాయించుకోవాలి. ఇంజనీరింగ్ పుస్తకాల చాటున రెండేళ్లు కూర్చుని రాసిన నవల అది. పేరు ‘మూడో గేటు’. హైదరాబాద్‌లో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థ సంపాదకురాలు సమత దాన్ని చదివి, శనివారం కాలేజీకి వచ్చి మాట్లాడతానంది. "నాకు నచ్చింది. కానీ చదివేవాళ్లు ఉంటారని నాకు నమ్మకం కావాలి. బంధువులు కాని ఇరవై మందితో అభిప్రాయాలు రాయించు, వేద్దాం. లేకపోతే వచ్చే ఏడాది చూద్దాం," అని కూడా అంది. వచ్చే ఏడాది చూద్దామన్నవాళ్లు ఏ ఏడాదీ చూడరని లిదియాకు తెలుసు.

అప్పటికి చేతిలో ఉన్నవి మూడు. మొదటిది "సూపర్". రెండోది కూడా "సూపర్", కాకపోతే ఇంకొకరి చేతిరాత. మూడోది "పేజీలు ఎక్కువున్నయ్, సినిమా తీస్తే చూస్తా".

"గింతకూ ఏముంటది బిడ్డా ఆ పుస్తకంల?" అని తండ్రి జయరాజ్ జొన్నరొట్టె తుంచుతూ అడిగాడు.

"డిస్టోపియన్ నవల బాపు. అంటే, రేపు మన బతుకు ఎంత ఖరాబైతదో ఊహించి రాసుడు. నా అసొంటి పోరగాళ్లు సదువుకునేటిది."

"ఇప్పుడున్న ఖరాబు సాల్తలేదా?"

లిదియా నవ్వింది గానీ, లోపల చిన్న ముల్లు కదిలింది. వానాకాలంలో తండ్రికిచ్చిన నవల ప్రతి ఇంకా ఫ్రిజ్ మీద కరెంటు బిల్లుల కిందే ఉంది. తల్లి ప్రమీల ఆ చూపు పట్టేసింది. "మీ బాపు లోకమందరి కాగితాలు జిరాక్స్ తీస్తడు. ఒక్కటన్న సదివిండా?" అంది.

నిజమే. చేవెళ్లలో మండలాఫీసు ఎదురుగా ఇరవై రెండేళ్లుగా జయరాజ్‌కు జిరాక్స్ దుకాణం ఉంది. ఆయన చేతి మీదుగా పోని పాసుబుక్కు, ఆయన నింపని దరఖాస్తు ఆ చుట్టుపక్కల లేవు. కానీ దేన్నీ చదవడు. ఒకరి కాగితం మనం చదవకూడదన్నది ఆయన వృత్తిధర్మం. చదువుతూ కూర్చుంటే మిషన్ ఆగుతుందన్నది రెండో కారణం. కాలక్రమంలో ఈ రెండూ కలిసి ఏ కాగితమూ చదవని అలవాటుగా స్థిరపడ్డాయి.

"ఇరవై అభిప్రాయాలకు గింత ఫికరా? నాకిడిసిపెట్టు," అన్నాడు.

"బాపు, దండం పెడ్త. నువ్వేం చెయ్యకు," అని లిదియా బస్సుకు పరుగెత్తింది. ఏమీ చేయకుండా ఉండడం జయరాజ్‌కు చేతకాని పనుల్లో మొదటిది.

దుకాణం తెరవగానే, లిదియా ప్రింట్ కోసం కంప్యూటర్‌లో పెట్టిన నవల ఫైలు తీశాడు. మొదటి అధ్యాయం సరిగ్గా రెండు పేజీలు. పేరు మాత్రమే ఉన్న అట్ట పేజీకి ఒక కాగితం దండగ అనిపించి దాన్ని తీసేశాడు. అధ్యాయాన్ని ఒకే కాగితానికి ముందూ వెనుకా కొట్టాడు. ఇక అభిప్రాయం రాయడానికి ఒక ఫారం కావాలి. ఆయన కంప్యూటర్‌లో ఉన్న ఫారాలన్నీ ఒక్క తీరువే. పేరు, తండ్రి లేదా భర్త పేరు, గ్రామం, సర్వే నెంబరు. సర్వే నెంబరు గడి తీసేయబోతే గీతలన్నీ వంకర పోయాయి. ఉంటే ఎవరికి నష్టమని వదిలేశాడు. అడుగున "మీ అభిప్రాయములు, అభ్యంతరములు తెలుపగలరు. గడువు: శనివారం" అని చేర్చి, వంద ప్రతులు పిన్ను కొట్టి, ఫారాలు పెట్టే బల్ల మీద పెట్టి చాయ్‌కి వెళ్లాడు.

లిదియా నవల మొదలయ్యేది ఇలా: "మండలి ఉత్తర్వు. మోకిల మొదలుకొని మొయినాబాద్ వరకు గల సమస్త బావులు, బోర్లు, కుంటలు నేటి నుండి మండలి అధీనములోనికి వచ్చును. పదహారేండ్లు నిండిన ప్రతి ఒక్కరు వేలిముద్ర వేసి, తమకు కేటాయించిన గేటులోనికి వెళ్లవలెను. మూడో గేటు వారికి నీరు దినమునకు రెండు సీసాలు." మొదటి పేజీ అంతా ఈ ఉత్తర్వే. అసలు కథ, ఆ కథ జరిగే రెండు వేల డెబ్బై తొమ్మిదో సంవత్సరం, చినుకు అనే పదహారేళ్ల పిల్ల, అన్నీ వెనుక పేజీలో ఉన్నాయి.

పాసుబుక్కు జిరాక్స్ కోసం వచ్చిన మాజీ సర్పంచి సత్తయ్య ఆ కాగితం అందుకున్నాడు. మోకిల, మొయినాబాద్‌ల నడుమ ఉన్న ప్రొద్దుటూరులో ఆయనకు ఆరెకరాలు, తాత తవ్వించిన ఒక బావి ఉన్నాయి. నోటీసులకు వెనుక వైపు ఏమీ ఉండదని ఆయన నలభై ఏళ్ల రాజకీయ అనుభవం. అందుకని తిప్పి చూడలేదు. ముందు పేజీకి, ఫారానికి ఫోటోలు తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. లేఅవుట్లు, ఫామ్‌హౌసులు ఒక్కో గట్టూ దాటి వస్తున్న ఆ ప్రాంతంలో, భూమి మీద ఏ కాగితం వచ్చినా జనం ముందు భయపడి, తర్వాత చదువుతారు.

జయరాజ్ చాయ్ తాగి వచ్చేసరికి దుకాణం ముందు ముప్పై మంది ఉన్నారు.

"ఆ కాగితం ఉన్నదా అన్నా?"

ఆయన గుండె ఉప్పొంగింది. మళ్లీ రెండు వందలు కొట్టాడు. "సదివిండ్రా? ఎట్లున్నది?" అని ఒక్కొక్కరినీ ఆత్రంగా అడిగాడు.

"ఏం జెప్పాలె అన్నా, రాత్రి నిద్ర పట్టేటట్టు లేదు," అన్నాడు ఒకాయన.

"మా ఇంట్ల అందరు ఏడుస్తున్నరు," అంది ఒకామె.

కూతురు ఇంత బాగా రాస్తుందని జయరాజ్ అనుకోలేదు. కళ్లు తుడుచుకుని మిషన్‌లో కాగితం నింపాడు. శుక్రవారం పొద్దున సత్తయ్య మళ్లీ వచ్చాడు.

"జయరాజ్, ఇది ఆఖరికి ఏమైతదంటవ్?"

"ఫికర్ చెయ్యకు సత్తన్నా. ఆఖరికి మంచిగనే అయితదట. మా బిడ్డ చెప్పింది."

"మీ బిడ్డకెట్ల తెల్సు?"

"ఆమెనే కదనే రాసింది!"

సత్తయ్య చేతిలోని కాగితం వైపు మళ్లీ చూశాడు. కళ్ల ముందు పెరిగిన పిల్ల. చర్చిలో క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం వేసిన పిల్ల. ఏ పెద్దవాళ్ల దగ్గర పనికి కుదిరిందో, తమ బావుల మీదే ఉత్తర్వు రాసింది.

"ఆమెతోటి ఒకసారి మాట్లాడాలె," అన్నాడు కాగితం మడిచి.

జయరాజ్ పొంగిపోయాడు. "రేపు మూడు గంటలకు మొయినాబాద్‌ల కాలేజీ లైబ్రరీ కాడ ఉంటది. హైదరాబాద్ నుంచి పెద్ద మేడం కూడ వస్తున్నది. ఇగ ఫైసలా ఆమెదే. మీరందరు వస్తే మా బిడ్డకు బలం."

"వస్తం," అన్నాడు సత్తయ్య. "మందితోటే వస్తం."

శనివారం మధ్యాహ్నానికి నింపిన ఫారాలు నూట నలభై మూడు వచ్చాయి. జయరాజ్ వాటిని లెక్కపెట్టాడు, అంచులు సరిచేశాడు, ఎర్ర గుడ్డలో మూట కట్టాడు. వృత్తిధర్మం ప్రకారం ఒక్కటీ చదవలేదు. కూతురికి కప్పడానికి ఒక శాలువా కొని, స్కూటర్ మీద బయలుదేరాడు.

అక్కడ లైబ్రరీలో లిదియా ముందు ఏడు అభిప్రాయాలున్నాయి. అందులో "సూపర్"లు నాలుగు. సమత వాటిని మెల్లగా తిరగేసింది. మంచి మనిషి కాబట్టి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం చూసి లిదియాకు ఏడుపొచ్చింది.

"ఇంకా పదమూడు కావాలి కదా లిదియా," అంది సమత చివరికి. "పోనీ, వచ్చే ఏడాది..."

అప్పుడే కిటికీ అవతల రెండు ట్రాక్టర్లు, నాలుగు ఆటోలు ఆగాయి. వాటి ముందు స్కూటర్ మీద, ఊరేగింపు నడిపిస్తున్న వాడిలా, చేతిలో శాలువాతో జయరాజ్ ఉన్నాడు.

"బిడ్డా! నీ పాఠకులు!" అన్నాడు.

పాఠకుల ముఖాలు చూసి లైబ్రేరియన్ తలుపు వేసేయబోయాడు. సత్తయ్య అందరి ముందు నిలబడ్డాడు. కోప్పడదామనే వచ్చాడు గానీ, పిల్లను చూడగానే గొంతు మారిపోయింది. "లిదియా, నీ చిన్నప్పుడు మా బావిల నీళ్లు తాగలేదా బిడ్డా? అదే బావి గుంజుకోమని ఎట్ల రాసినవ్?"

లిదియాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఆయన చేతిలోని కాగితం చూసింది, ఫారం చూసింది, సర్వే నెంబరు గడి చూసింది. తండ్రి వైపు తిరిగింది.

"పెద్దబాపు, అది ఆర్డర్ కాదు. కథ. నేను రాసిన నవల."

సత్తయ్య కాగితాన్ని మొదటిసారి వెనక్కి తిప్పాడు. రెండు రోజులుగా నిద్ర లేకుండా గ్రూపు నడిపిన మనిషి. చెవులు ఎర్రబడ్డాయి. "అంటే మా బావికేం కాలేదా?" అన్నాడు ముందు. తర్వాత, "అంటే మేమంత పిచ్చోళ్లమా?" అన్నాడు. వెనుక మంది గొణుక్కోవడం మొదలైంది. జయరాజ్ చేతిలోని శాలువా మెల్లగా కిందికి జారింది.

"తప్పైంది సత్తన్నా," అన్నాడు. "నా బిడ్డను ఏమనకు. ఫారం నేను చేసిన. గా ముందు పేజీల ఏమున్నదో నాకు తెల్వది."

"బాపు," అంది లిదియా చిన్నగా. "మొదటి పేజీ కూడ సదువలేదా?"

జయరాజ్ తల దించుకున్నాడు. ఆ పిల్ల ముఖం చూసి సమత కూడా తల దించుకుంది.

అప్పుడు మందిని తోసుకుంటూ సత్తయ్య భార్య కౌసల్యమ్మ ముందుకొచ్చింది. "మీ లొల్లి తర్వాత. ముందు నాకొకటి చెప్పు బిడ్డా. ఆ చినుకు పోరి ఏమైంది? బావిల దింపినవ్, తాడు తెంపినవ్, ఆపేసినవ్. రెండొద్దుల సంది నాకు బువ్వ వోతలేదు."

సత్తయ్య ఆమె వైపు తిరిగాడు. "నీకు ఇది కథ అని తెల్సా?"

"నోటీసుల పోరి ఏడ్సుడు ఎవలన్న రాస్తరా? మొన్ననే తెల్సు."

"మరి చెప్పవేం?"

"చెప్తే నువ్వు ట్రాక్టర్ తీస్తువా?" అంది కౌసల్యమ్మ. "రాసినామె కాడికి పోతున్నమంటే ఎక్కి కూసున్న. మిగిలింది తెలుసుకోవద్దా?"

వెనుక నుంచి మరో నలుగురు ఆడవాళ్లు తలలూపారు. వాళ్లూ కాగితం తిప్పినవాళ్లే.

ఈలోగా సమత జయరాజ్ తెచ్చిన ఎర్ర మూట విప్పి ఒక్కో ఫారం తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. "పదహారేండ్ల పిల్లకు ఏ గేటో ఎట్ల తెలుస్తది? నా కొడుకుకు ముప్పై, ఇంకా ఏ కోర్సో తేలలేదు." "రెండు సీసాల నీళ్లకు బర్రె బతుకుతదా?" "మూడో గేటోళ్లు మనుషులు కారా? మేమందరం మూడో గేటుకే పోతం, ఏం చేస్తరో చెయ్యిండ్రి." ఒక ఫారంలో వంకర అక్షరాలతో ఒకే వాక్యం ఉంది: "ఆ పిల్లకు తాడు మా ఇంట్ల ఉన్నది, గట్టిది." కింద కౌసల్యమ్మ సంతకం.

సమత కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "బాగుంది అని ఎవరు రాసినా నేను పెద్దగా నమ్మను," అంది. "వీళ్లలో ఒక్కరు కూడా బాగుందని రాయలేదు. పిల్లల నవలే, వీళ్లలో అందరికంటే చిన్నవాళ్లకు నలభై ఉంటాయి. అయినా నూట నలభై ముగ్గురు ఈ ప్రపంచం మాకొద్దని సంతకం పెట్టారు. ఇంతకంటే నాకేం కావాలి? వేద్దాం లిదియా."

లిదియా అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది. ఈసారి ఆపుకోలేదు. జయరాజ్ దగ్గరికి వెళ్లాలా వద్దా అని దూరంగా నిలబడిపోయాడు. కౌసల్యమ్మ ఆయన చేతిలో కాగితం పెట్టి, వెనుక వైపు తిప్పి, వేలితో ఒకచోట చూపించింది. "కొట్టింది నువ్వే కదా. గిది సదువు. కథ ఎవరు రాసిండ్రో నాకు గిక్కడ్నే తెలిసింది."

ఇరవై రెండేళ్ల తర్వాత జయరాజ్ ఒక కాగితం చదివాడు.

"ఆ ఉత్తర్వుకు వేల నకళ్లు తీసింది చినుకు వాళ్ల బాపు. చేతి మీదుగా పోయే ఏ కాగితాన్నీ ఆయన చదవడు. ఒకరి కాగితం చదవకూడదంటాడు. మంచివాడు. తన ఇంటి వెనుక బావి కూడా పోయిందని, చినుకు చెప్పేదాకా ఆయనకు తెలియలేదు."

ఆ ఐదు వాక్యాలూ మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

"గింత జేసినోన్ని మంచోడని ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"మంచోడే కాబట్టి."

"ఆఖరికన్న సదువుతడా ఆయన?"

"అది సదివితే తెలుస్తది బాపు."

ఆయన తలూపి, శాలువా విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. ఎండకు చెమట పడుతున్నా లిదియా దాన్ని తీయలేదు. లైబ్రరీ మెట్ల మీద కూర్చుని రెండో అధ్యాయం చదివి వినిపించింది. మూడోది కూడా చదవమన్నారు. చినుకు బావి లోంచి బయటపడేదాకా ఒక్క ఆటో కూడా కదల్లేదు. సత్తయ్య అందరికంటే వెనుక, వింటున్నట్టు కనబడకుండా కూర్చుని మొత్తం విన్నాడు.

ఆ రాత్రి ఫ్రిజ్ మీది ప్రతి కిందికి దిగింది. సోమవారం పొద్దున జయరాజ్ దుకాణం గంట ఆలస్యంగా తెరిచాడు, మిగిలిన ఫారాల్లోంచి ఒకటి తీసుకుని, ముందూ వెనుకా నింపి, సమతకు పోస్టులో పంపాడు.

పుస్తకం వేసవిలో వచ్చింది. వెనుక అట్ట మీద పాఠకుల అభిప్రాయాలు వేశారు. "కథైనా సరే, బావి ఇయ్యం" అన్న సత్తయ్య అభిప్రాయం కింద, ఆయన పట్టుబట్టినందువల్ల, సర్వే నెంబరు కూడా ఉంది. జయరాజ్ రాసింది మాత్రం, బంధువు కనుక, చెల్లలేదు. ఇరవై రెండేళ్లలో ఆయన నింపిన ఫారాల్లో తిరిగొచ్చింది అదొక్కటే.