చేతులు కట్టుకున్న పది నిమిషాలు

మా మేనకోడలికి ఆఫీసులో పెద్ద కుర్చీ దక్కిందంటే అది నా చలవే. ఆ రోజు ఫోన్ ఎత్తింది నేను.

ఆమెది రౌటర్ల పని. కంపెనీకి నలభై శాఖలు, శాఖకో రౌటరు, అంటే కంప్యూటర్ల సమాచారానికి దారి చూపే పెట్టె. "ఫలానా చోటికి దారి నా మీదుగా, ఇంత దూరం" అని ఒక పెట్టె చెబితే మిగతావి మారుమాట లేకుండా నమ్ముతాయి. ఎవరి దారి దగ్గరైతే వాళ్ల వెంట పోతాయి. ఆ చెప్పుకునే పద్ధతిలో పాతది తీసి కొత్తది పెట్టాలి. ఆ ఉదయం గోడౌన్ రౌటరుతో శ్రీకారం. సాఫీగా జరిగితే సెక్షన్‌కు ఆమే ఇన్‌చార్జి, లేకపోతే ఆ కుర్చీ పక్కవాడిది.

ఆ వృత్తిలో ఓ ఆచారం ఉంది. దూరాన ఉన్న రౌటరును ముట్టుకునే ముందు, పది నిమిషాల్లో దాని అంతట అదే ఆగి మళ్లీ మొదలయ్యేలా ఆజ్ఞ పెడతారు. చెయ్యి జారినా, ఇంకా భద్రపరచని మార్పులు చెరిగిపోయి అది పాత అమరికతో లేచి కూర్చుంటుంది. అంతా బాగుంటే ఆజ్ఞ రద్దు చేస్తారు.

మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని అమ్మాయి ఆజ్ఞ పెట్టింది, పని మొదలుపెట్టింది. ఒక్క వరుస మరిచింది, "నీ దారి మాత్రమే చెప్పు" అనే వరుస. ఇంకేముంది, గోడౌన్ అటక మీది ఆ అరచేతంత పెట్టె, ఎక్కడికైనా దారి తనదేననీ, అందరికన్నా దగ్గరనీ చాటింపు వేసింది. నలభై శాఖల రాకపోకలూ దాని నెత్తిన పడ్డాయి. ఏనుగుల మందను పిల్లి కంతలోకి తోలినట్టయింది. అమ్మాయి లాప్‌టాప్ తెర కూడా కొయ్యబారింది.

ఆమె చేతులు కట్టుకుంది. "మామయ్యా, ఇక పది నిమిషాలు ఏమీ చెయ్యకపోవడమే నా పని," అని మంచినీళ్లకు లేచింది. అప్పుడే బల్ల మీది ఆమె ఫోన్ మోగింది, నేను ఎత్తాను. ఆఫీసు పెద్దసారు.

"అమ్మాయి ఏం చేస్తోందండీ?"

"మంచినీళ్లు తాగుతోందండీ. ఇందాకటిదాకా చేతులు కట్టుకుని కూర్చుంది."

"ఇక్కడ శాఖలన్నీ ఆగిపోయాయండీ."

"తెలుసటండీ."

అమ్మాయి అలిగి పని మానేసిందని పెద్దసారు ఒక శాఖకు చెప్పారు. రాజీనామా ఇచ్చిందని ఆ శాఖ ఇంకో శాఖకు చెప్పింది. మూడో శాఖకు చేరేసరికి తీగలన్నీ కోసి పారిపోయింది. ఏడో శాఖవాళ్లు షట్టరు దించుకుని లోపల నక్కారు.

పెద్దసారు ఆఫీసు వెనకున్న గోడౌన్‌కు పరుగెత్తారు. నిచ్చెన కనబడలేదు. వంద కిలోల మనిషి, ఇద్దరు గుమస్తాల భుజాలెక్కి, అటక తడిమి, పెట్టె కరెంటు తీగ పీకి మళ్లీ పెట్టారు. అప్పటికి తొమ్మిదో నిమిషం. పెట్టె పాత బుద్ధితో మేలుకుంది, శాఖలన్నీ కదిలాయి.

పెద్దసారు మళ్లీ ఫోన్ చేస్తే, ఇంకో నిమిషం ఆగితే అదే లేచేదని చెప్పబోయింది అమ్మాయి. ఆయన చెప్పనిస్తేగా.

"ఇంకెవరైనా అయితే కంగారుపడి మరింత పాడుచేసేవాళ్లమ్మా. నేను చేరేదాకా నువ్వు దాన్ని ముట్టుకోలేదు చూడు, ఆ నిబ్బరం కావాలి ఇన్‌చార్జికి."

"మీరుండగా నాకేం భయం సార్," అంది అమ్మాయి. మరిచిన వరుస చేర్చి పని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఫోన్ నాకు అందకుండా జేబులో వేసుకుంది.

నా చలవే అన్నాను కదా, నిజానికి ఆ కుర్చీ కాళ్లు విరగ్గొట్టబోయింది నేనే. అది పోనివ్వండి. ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే. గుమస్తాలు ఇద్దరు కారు, ఒక్కడే.